మాయ గురించి కూడా ఒక ముక్క రాయండి సార్

ఎడిటర్ గారికి నమస్తే.

పోయిన ఆదివారం మీ వ్యవసాయం పేజీలో సెక్స్ సార్టెడ్ వీర్యం గురించి వచ్చిన ఆర్టికల్ చదివాను, మా నాయనకి కూడా చదివి వినిపించాను. వందకి తొంభై దాకా పెయ్యదూడలే అన్న మాట కరెక్టే, బాగానే రాశారు, కానీ పేజీ పైనుంచి కిందిదాకా వెతికినా ఎద్దు గొప్పతనం తప్ప ఇంకేం దొరకలేదు నాకు. ఎద్దు తల్లి ఎన్ని లీటర్లు ఇచ్చింది, ఎద్దు ఎక్కడిది, స్ట్రా (వీర్యం నింపిన సన్న గొట్టం) ఎంత. సరే, ఆ స్ట్రా వేయించాక తొమ్మిది నెలల పైచిలుకు కడుపులో దూడని పట్టుకుని ఉండేది ఏంటి సార్? మాయ. దాని గురించి ఒక్క లైన్ లేదు. మన దృష్టిలో మాయ అంటే ఈనిన తర్వాత పడితే హమ్మయ్య అనుకుని గోతిలో పూడ్చేసేది, అంతే. అందుకే ఈ ఉత్తరం, పెద్దదే అవుతుంది, మీ ఇష్టమొచ్చినట్టు కత్తిరించుకోండి గానీ పరీక్ష గురించి రాసిన ముక్క మాత్రం ఉంచండి.

మేం ఉండేది ఘట్‌కేసర్ అవతల. నేను ఉప్పల్ దాకా బస్సు, అక్కడ్నుంచి మెట్రో ఎక్కి అమీర్‌పేటలో ఆఫీసుకి పోతాను, ఇంటి దగ్గర మూడు బర్రెలు రెండు ఆవులు నాయన, అమ్మ చూసుకుంటారు, పొద్దున పాలు పిండేది మాత్రం నేనే. మూడేళ్ల కింద మాకు గౌరి అని ఒక జెర్సీ క్రాస్ ఆవు ఉండేది. జూన్‌లో చూడి కట్టడానికి వీర్యం సూది వేయించాం. నలభై రోజులకి సూదులేసే ఒకాయన చేయి పెట్టి చూసి చూడి కట్టలేదు, ఖాళీ అన్నాడు. తర్వాత ఒకసారి అది ఎదకొచ్చినట్టు అరిచింది కూడా, దాంతో నాయనకి ఇంక నమ్మకం కుదిరిపోయింది, ఇది తిరగపొర్లే ఆవు, అంటే సూది వేయించినా చూడి కట్టక మళ్లీ మళ్లీ ఎదకొచ్చేది, దీనికి దాణా దండగ అని సెప్టెంబర్‌లో బేరగాడికి 38 వేలకి ఇచ్చేశాడు. మార్చిలో ఫోను వచ్చింది, కొన్న వాళ్ల ఇంట్లో గౌరి ఈనింది, పెయ్యదూడ. లెక్క వేసుకోండి, జూన్ సూదే అది. చూడి ఆవుల్లో కూడా కొన్ని మధ్యలో ఎద లక్షణాలు చూపిస్తాయి అన్న సంగతి మాకు అప్పుడు తెలీదు. అమ్మ మూడు రోజులు నాయనతో మాట్లాడలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. పోయిన నవంబర్‌లో మా ఇంకో ఆవు ఈనిన రాత్రి మా మేనమామ కూతురు ఇంట్లోనే ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ చదువుతోంది. దూడ పడింది, ఇంకో ఐదు గంటలకి మాయ కూడా పడింది. నేను పార తేబోతుంటే "ఆగు బావా, గంత తొందరేంది" అని గ్లౌజులు వేసుకుని ఆ మాయని బస్తా మీద పరిచింది. సెల్‌ఫోన్ లైటు పట్టుకోమంది. పొర అంతా పలచగా తడి పాలిథిన్ కవర్ లాగా ఉంది, దాని మీద అక్కడక్కడ ఎర్రగా ముద్దలు, కొన్ని రూపాయి బిళ్లంత, కొన్ని అరచేయంత. లెక్కపెట్టమంది. నేను 84 దగ్గర లెక్క తప్పాను, మళ్లీ పెట్టలేదు. మామూలుగా 70 నుంచి 120 దాకా ఉంటాయట. గర్భసంచి గోడ మీద దీనికి సరిపోయే బుడిపెలు ఉంటాయి, ఇవి వాటి మీద టిచ్ బటన్లు నొక్కినట్టు పట్టుకుంటాయి, తల్లి రక్తం దూడ రక్తం ఎక్కడా కలవవు, ఆ బటన్ల దగ్గర పక్కపక్కనే పారుతూ గాలి, తిండి మార్చుకుంటాయి. మనుషుల్లో మాయ ఒకటే దిండు లాగా ఉంటుంది, ఆవుకి బర్రెకి గొర్రెకి ఇలా విడివిడి బటన్లు.

మాయ ఎవరిది అని అడిగింది నన్ను. తల్లిది అన్నాను. కాదట, మాయలో మనకి బయట పడేదంతా దూడదే, దూడ కణాలే, అందులో సగం ఎద్దు వాటా. దూడ ఒంట్లో ఉన్న జీన్స్ అన్నీ మాయలో కూడా ఉంటాయి, ఆవుకి సుమారు 22 వేల జీన్స్ ఉంటాయని 2009లో జీనోమ్, అంటే దాని జీన్స్ చిట్టా మొత్తం చదివినప్పుడు లెక్క తేలింది. కానీ మాయలో తెరుచుకునే జీన్స్ కొన్ని ఇంకెక్కడా తెరుచుకోవు, అవి కూడా ఎప్పుడు పడితే అప్పుడు కాదు, ఒక జీన్ రెండు వారాలకి, ఇంకోటి నెలకి, మరోటి ఈనే ముందు. ఎవరు ఆన్ చేస్తున్నారు ఎవరు ఆఫ్ చేస్తున్నారు అన్నదే వీళ్ల సబ్జెక్టు అంట. నాకు మొదట ఇదంతా పరీక్ష పేపర్ లాగా అనిపించింది, కానీ గౌరి కథకి జవాబు ఇందులోనే ఉందని తర్వాత అర్థమైంది.

సూది వేయించిన తర్వాత పిండం వారం పది రోజులు గుండ్రంగా కంటికి ఆనని చుక్కలాగే ఉంటుంది, గర్భసంచికి అతుక్కోదు, లోపల తేలుతూ ఉంటుంది. పన్నెండో రోజు పదమూడో రోజు నుంచి సాగడం మొదలుపెడుతుంది, 16, 17 రోజులకి దాదాపు జానెడు పొడవు దారం అయిపోతుంది. ఇంత హడావిడి ఎందుకంటే దానికి గడువు ఉంది. ఆవుకి 21 రోజులకోసారి ఎద వస్తుంది కదా, చూడి లేదనుకుంటే 17వ రోజు ప్రాంతంలో గర్భసంచి ప్రోస్టాగ్లాండిన్ అనే హార్మోన్ వదిలి అండాశయం మీద ఉన్న కార్పస్ లూటియం అనే పసుపు గడ్డని కరిగించేస్తుంది, ఆ గడ్డ పోతే చూడిని నిలబెట్టే ప్రొజెస్టిరాన్ హార్మోన్ పోతుంది, ప్రొజెస్టిరాన్ పోతే పిండం కొట్టుకుపోతుంది. అంటే ఆ లోపలే పిండం "నేనున్నాను" అని తల్లికి చెప్పాలి. నోరు లేదు, అతుక్కోను కూడా లేదు. దాని పై పొర కణాలు ఇంటర్ఫెరాన్ టౌ అనే ప్రొటీన్ వదులుతాయి, అది గర్భసంచి పొరలో ఆక్సిటోసిన్ అనే హార్మోన్ కబురు అందుకునే రిసెప్టర్లు లేవకుండా ఆపుతుంది, దాంతో ప్రోస్టాగ్లాండిన్ దెబ్బలు పడవు, గడ్డ నిలుస్తుంది, ఎద రాదు, మనం చూడి కట్టింది అంటాం.

ఇందులో నాకు బాగా నచ్చింది ఏంటంటే ఇంటర్ఫెరాన్ అనేది అసలు వైరస్‌లతో కొట్లాడే ప్రొటీన్. గొర్రె పిండం వదిలే ఈ ప్రొటీన్ ఏంటో 1987లో సీక్వెన్స్ చూస్తే ఇంటర్ఫెరాన్ కుటుంబం అని తేలింది, ఎవరూ ఊహించలేదు. మిగతా ఇంటర్ఫెరాన్ జీన్స్ వైరస్ వస్తే తెరుచుకుంటాయి, ఇది వైరస్ వచ్చినా పలకదు, మాయ కాబోయే కణాల్లో మాత్రమే ఉండే సీడీఎక్స్2 లాంటి ప్రొటీన్లు, ఈటీఎస్2 అనే ఇంకోటి కలిసి వచ్చి జీన్ ముందర కూర్చుంటేనే తెరుచుకుంటుంది. తెరుచుకుని ఎన్నాళ్లు? ఓ పది రోజులు. పిండం గోడకి అతుక్కోవడం మొదలైందంటే 20 రోజులు దాటాక మూతపడిపోతుంది, ఆ జంతువు బతికినన్నాళ్లూ మళ్లీ తెరుచుకోదు. జీవితం మొత్తంలో పది రోజుల డ్యూటీ. మనుషుల్లో ఇది లేదు, మనకి వేరే హార్మోన్ ఉంది, మెడికల్ షాపులో అమ్మే స్ట్రిప్ మీద గీత వచ్చేది దానికే. ఆ స్ట్రిప్పు ఆవుకి ఎందుకు పనిచేయదు అని ఎవరైనా అడిగితే ఇదే జవాబు.

అందుకే తిరగపొర్లింది అనగానే వీర్యం మంచిది కాదు, సూది వేసినాయనకి చేతకాదు, ఆవుకి దోషం అని మూడు మాటలు అనేస్తాం గానీ, చాలాసార్లు పిండం కట్టే ఉంటుంది, ఆ మూడు వారాల్లో సాగక, టైంకి కబురు చెప్పలేక పోయుంటుంది. పాలు ఎక్కువిచ్చే ఆవుల్లో పోయేవి ఎక్కువగా అప్పుడే. మనకి తెలిసేది మాత్రం 21వ రోజు అది మళ్లీ అరిచినప్పుడు.

ఇక పరీక్ష సంగతి. ఇంటర్ఫెరాన్ మూతపడే టైంకి మాయలో ఇంకో రకం కణాలు తయారవుతాయి, ఒక్కో కణంలో రెండేసి కేంద్రకాలు ఉంటాయి, మాయ పొర కణాల్లో ఐదో వంతు దాకా ఇవే. ఇవి ఒకచోట ఉండవు, జరుక్కుంటూ పోయి తల్లి గర్భసంచి కణంతో కలిసిపోతాయి, మూడు కేంద్రకాల కణం అవుతుంది, దూడ వాళ్లు తల్లి గోడలోకి దూరి తలుపు తీసుకున్నట్టు. ఈ కలిసిపోవడానికి పనికొచ్చే జీన్ ఒకటి పురాతన కాలంలో ఆవుల పూర్వీకుల్లోకి దూరిన వైరస్ వదిలిపెట్టి పోయిందట, ఫెమాట్రిన్ అని పేరు పెట్టారు, నేను రెండుసార్లు అడిగాను నిజమేనా అని, నిజమే. ఆ కణాలు తల్లి రక్తంలోకి వదిలేవి పీఏజీ అనే ప్రొటీన్లు, వీటికి ఆవులో ఇరవై పైగా జీన్స్ ఉన్నాయి, అన్నీ ఒకేసారి పనిచేయవు, కొన్ని మొదట్లో, కొన్ని నెలలు ముదిరాక. మనకి కావాల్సింది ఏంటంటే సూది వేసిన 28 రోజుల నుంచి ఇవి తల్లి రక్తంలో పరీక్షకి దొరుకుతాయి, పాలల్లో కూడా దొరుకుతాయి, బర్రెకి కూడా పనిచేస్తుంది. చేయి పెట్టక్కర్లేదు. మాయ ఉంటేనే పీఏజీ ఉంటుంది, సింపుల్.

దీనికి రెండు జాగ్రత్తలు ఉన్నాయి, అవి కూడా రాయాలి లేకపోతే మళ్లీ మోసం అంటారు. ఈనిన తర్వాత రెండు మూడు నెలల దాకా పాత చూడి తాలూకు పీఏజీ రక్తంలో మిగిలే ఉంటుంది కాబట్టి తొందరపడి చేస్తే తప్పు చూపిస్తుంది. ఇంకోటి, పిండం చచ్చిపోయినా కొన్ని రోజులు ఉంటుంది కాబట్టి 28 రోజులకి ఉంది అన్నాక కూడా రెండు నెలలకి ఇంకోసారి చూపించుకోవాలి. మా గౌరికి ఆ రోజు ఇలాంటి పరీక్ష ఒక్కటి జరిగుంటే మేం 38 వేలకి అమ్ముకునేవాళ్లం కాదు. బయటి దేశాల్లో డెయిరీలకి ఇది మామూలు. ఇక్కడ మా మండలంలో పశువుల దవాఖానకి పోయి అడిగితే "అవన్నీ పెద్ద ఫార్ములకి బాబూ" అన్నారు. పెద్ద ఫార్మ్ వాడికి వంద ఆవుల్లో ఒకటి పోతే ఒకటి పోయినట్టు, మాకు రెండిట్లో ఒకటి పోయింది సార్, ఎవరికి ముందు కావాలి చెప్పండి. పాల సెంటర్‌కి రోజూ పొద్దున పాలు పోస్తూనే ఉన్నాం, వెన్న శాతం చూస్తున్నారు, వారానికోసారి అవే పాలల్లోంచి అడిగిన వాళ్లకి ఈ పరీక్ష కూడా పెట్టిస్తే పోయేదేముంది. గచ్చిబౌలిలో యానిమల్ బయోటెక్నాలజీ జాతీయ సంస్థ ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ యూనివర్సిటీ ఉంది, మీ రిపోర్టర్ ఒకరోజు ఆ రెండు చోట్లకీ పోయి మామూలు రైతుకి తక్కువ రేటులో ఇది ఎలా అందించొచ్చో అడిగి రాస్తే ఎద్దు ఫొటోల కంటే ఎక్కువ మంది చదువుతారు.

మీరు ఈ మధ్య కాలంలో క్లోనింగ్ మీద కూడా రాశారు, హర్యానాలోని కర్నాల్‌లో 2009లో గరిమ అనే బర్రె దూడ, 2023లో గంగ అనే గిర్ ఆవు దూడ. గొప్ప సంగతే, కాదనను. కానీ ప్రపంచంలో ఎక్కడ క్లోన్ చేసినా ఎక్కువ పిండాలు మధ్యలోనే పోయేది మాయ సరిగ్గా కట్టకే, బటన్లు తక్కువ ఉండి ఉన్నవి మరీ పెద్దవై, లోపల నీరు చేరి. దానికి కారణం జీన్ల మీద ఉండే గుర్తులు. ఐజీఎఫ్2 అని పిండాన్ని, మాయని పెంచే జీన్ ఒకటి ఉంది, తండ్రి నుంచి వచ్చిన కాపీయే పనిచేస్తుంది, తల్లి కాపీ నోరు మూసుకుంటుంది. దాన్ని అదుపు చేసేది ఐజీఎఫ్2ఆర్, అక్కడ తల్లి కాపీ పనిచేస్తుంది. తండ్రి వైపు వాళ్లు పెట్టు పెట్టు అంటారు, తల్లి వైపు వాళ్లు ఇక చాలు అంటారు, పెళ్లి భోజనాల దగ్గర చూసేదే. డీఎన్ఏ మీద మిథైల్ గుర్తులు పెట్టి ఎవరి కాపీ తెరవాలి ఎవరిది మూయాలి అని ముందే రాసి ఉంటుంది, పిండాన్ని బయట గిన్నెలో పెంచినప్పుడు కొన్నిసార్లు ఈ గుర్తులు చెరిగిపోతాయి, అప్పుడు దూడ మరీ పెద్దదై ఈనడం కష్టమవుతుంది, నాలుక బయటికి వచ్చి బొడ్డు ఉబ్బి పుడుతుంది. ఐవీఎఫ్ (ఇలా బయట గిన్నెలో పిండం కట్టించిన) దూడలు అన్నీ అలా అని కాదు, చాలావరకు బాగానే పుడతాయి, కానీ ఐవీఎఫ్ మీద రాసేటప్పుడు ఈ మాట కూడా ఒకటి ఉండాలి కదా.

ఇంక మాయ పడకపోవడం. దీని మీద నాకు కోపం ఎక్కువ. ఈనిన 12 గంటలు దాటినా మాయ వేలాడుతుంటే మా వైపు ఇటుక కడతారు, పాత చెప్పు కడతారు, మా తాత అయితే రెండూ కట్టేవాడట. లేదా ఎవరో ఒకాయన వచ్చి చేయి పెట్టి గుంజేస్తాడు, బటన్లు ఊడిరాకుండా చిరుగుతాయి, లోపల ముక్కలు మిగిలి చీము పట్టి ఆ ఆవు మళ్లీ చూడి కట్టడం ఆలస్యమవుతుంది. అసలు మాయ ఎందుకు ఊడుతుంది అంటే అక్కడ కూడా జీన్లే. మాయలో సగం ఎద్దు వాటా అన్నాను కదా, అంటే తల్లి ఒంటికి అది పరాయిది, మొదటి నెలల్లో మాయ కణాలు ఎంహెచ్‌సీ అనే గుర్తింపు ప్రొటీన్ల జీన్లు మూసుకుని కూర్చుంటాయి, తల్లి తెల్ల కణాలు గుర్తుపట్టకుండా. నెలలు ముదిరాక బటన్లకి మధ్య ఉన్న పొరలో అవి తెరుచుకుంటాయి. ఈనే టైంకి తల్లి ఒళ్లు గుర్తుపట్టి ఎవరు నువ్వు అని కొంచెం కోపం తెచ్చుకోవాలి, ఆ కోపమే పట్టు వదిలించడానికి సాయం చేస్తుంది. తల్లికి దూడకి ఆ గుర్తులు ఒకేలా కలిసిపోతే మాయ నిలిచిపోవడం ఎక్కువ అని చూశారు. ఒకే ఎద్దు వీర్యం కూతురికి, మనవరాలికి వేయించే ఇళ్లు మా ఊళ్లో ఉన్నాయి, వాళ్లు ఈ మాట వినాలి. ఇవి కాక కవలలు, నెలలు నిండక ముందే ఈనడం, పాలజ్వరం, సెలీనియం లోటు, ఇలా కారణాలు చాలా ఉన్నాయి, ఇటుక మాత్రం వీటిలో దేనికీ మందు కాదు. ఈడ్చుకుపోకుండా కింద వేలాడేది కొంచెం కత్తిరించి, జ్వరం చూసుకుంటూ డాక్టర్‌ని పిలవడమే.

ఈసుకుపోయిన (నెలలు నిండకముందే కడుపు పోయిన) ఆవు మాయని మాత్రం ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. బ్రూసెల్లా బ్యాక్టీరియాకి మాయ అంటే ప్రాణం, అందులో కోట్లల్లో పెరుగుతుంది, అది మనుషులకి అంటుకుంటే నెలల తరబడి జ్వరం, కీళ్ల నొప్పులు. కుక్కలు లాక్కుపోకుండా లోతుగా సున్నం వేసి పూడ్చాలి. ఇది మీరు బాక్స్ కట్టి వేసినా తప్పులేదు.

జున్ను సంగతి కూడా చెప్పాలి, సిటీ వాళ్లకి. ఆవు మాయలో పొరలు ఎక్కువ, తల్లి రక్తంలోని యాంటీబాడీలు అందులోంచి దూడకి పోవు, మనుషుల పిల్లలకి కడుపులోనే అందుతాయి గానీ దూడ ఉత్త చేతులతో పుడుతుంది. దానికి రక్షణ అంతా ముర్రుపాలే, అది కూడా మొదటి కొన్ని గంటల్లో, ఒక రోజు గడిచిందంటే దూడ పేగు వాటిని లోపలికి తీసుకోవడం మానేస్తుంది. 30 కిలోల దూడకి 3 లీటర్లు పోవాలి. నవంబర్‌లో మా ఆవు ఈనిందని తెలియగానే మా ఆఫీసులో నలుగురు జున్నుపాలు అడిగారు, మిరియాలు బెల్లం వాళ్లే తెచ్చుకుంటారట. దూడ తాగింది, మర్నాటి పూటవి ఇచ్చాను. మొదటి పూటవి అడగకండి ప్లీజ్, రెండో రోజు జున్ను కూడా బాగానే గడ్డకడుతుంది.

ఇప్పుడు మా ఇంట్లో చిన్న ఆవుకి నిన్నటికి 271 రోజులు. 280 అటూ ఇటూ ఈనాలి, అమ్మ అమావాస్యకి ఈనుతుంది అంటోంది. ఏ రోజు అనేది ఆవు కూడా కాదట నిర్ణయించేది, లోపలున్న దూడ, దాని కిడ్నీ మీద గ్రంథి కార్టిసాల్ అనే హార్మోన్ వదిలితే మాయలో ప్రొజెస్టిరాన్‌ని ఈస్ట్రోజెన్‌గా మార్చే ఎంజైముల జీన్లు తెరుచుకుంటాయి, అప్పుడు నొప్పులు మొదలవుతాయి. మరదలికి సెలవులు లేవు, వీడియో కాల్‌లో ఉంటానంది. ఈసారి ఎవర్నీ చేయి పెట్టనివ్వను, ఇటుక కట్టనివ్వను అని నాయనకి ముందే చెప్పేశాను. సరేలే అన్నాడు. రాత్రి కొట్టంలో లైటు ఆపడానికి పోతే గుంజ పక్కన కొత్త సుతిలి చుట్ట, దాని మీద ఒక ఇటుక కడిగి ఆరబెట్టి ఉంది.

ఇట్లు
ఒక పాడి రైతు కొడుకు
ఘట్‌కేసర్ దగ్గర, హైదరాబాద్